నిర్ణయం రేపటికి: కంపెనీ పెట్టినవారికి పది చిట్కాలు

కంపెనీ ఎలా పెట్టాలో చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఐడియా ఎక్కడ వెతకాలి, ఇన్వెస్టర్‌ను ఎలా ఒప్పించాలి, పది స్లైడ్లలో పదివేల కోట్ల మార్కెట్ ఎలా చూపించాలి... అన్నిటికీ గురువులున్నారు. పెట్టిన కంపెనీలో డబ్బు అయిపోతుంటే పదిహేను మందిని ఎలా పంపాలో, హాస్టల్ రోజుల నుంచి తోడున్న స్నేహితుణ్ని డైరెక్టర్ కుర్చీలోంచి ఎలా లేపాలో, మూడేళ్లు కష్టపడి కట్టిన ప్రొడక్టును ఎలా మూసేయాలో చెప్పేవాళ్లే తక్కువ. ఉన్న కొద్దిమందీ 'ధైర్యంగా నిర్ణయం తీసుకోండి' అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఆ ధైర్యమే ఉంటే వాళ్లను పిలిచి కాఫీ ఎందుకు ఇప్పిస్తాం?

ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. ఏ నిర్ణయమూ తీసుకోకుండా, తీసుకున్నవాడికంటే రెట్టింపు బాధ పడి, ఆ బాధనే పనిగా చూపించుకోవడం వీటి లక్ష్యం. ఎవరూ నేర్పకుండానే వీటిని పాటిస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇది పునశ్చరణ. కొత్తవాళ్లు ఒక్కొక్కటిగా అలవాటు చేసుకోవచ్చు.

1. లెక్క చూడొద్దు

అన్నిటికంటే ముఖ్యం ఎక్సెల్ షీటు తెరవకపోవడం. తెరిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. మాదాపూర్‌లో 40 మందితో నడిచే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. సగటు జీతం 80 వేలు. జీతాలకు నెలకు 32 లక్షలు, అద్దె, సర్వర్లు, మిగతా ఖర్చులకు 8 లక్షలు. వచ్చేది 10 లక్షలు. అంటే నెలనెలా 30 లక్షలు కరిగిపోతున్నాయి. బ్యాంకులో కోటిన్నర ఉంది. ఐదు నెలలు గడుస్తాయి.

ఇవాళే 15 మందిని పంపితే, ఒక నెల నోటీసు జీతం, పైన మరో నెల జీతం కలిపి 24 లక్షలు ఇవ్వాలి. ఇంకా కోటీ 26 లక్షలు మిగులుతుంది. నెలకు కరిగేది 18 లక్షలకు దిగుతుంది. మిగిలిన పాతికమందికి ఏడు నెలల ఊపిరి దొరుకుతుంది. నాలుగు నెలలు ఆగి ఇదే పని చేస్తే చేతిలో ఉండేది 30 లక్షలు. అందులో అదే 24 లక్షలు ఇచ్చేస్తే మిగిలేది ఆరు లక్షలు, అంటే పది రోజుల ఖర్చు. ఐదు నెలలు ఆగారా, వెళ్లేది పదిహేను మంది కాదు, నలభై మందీ. వాళ్లలో ఎవరికీ పైసా రాదు.

చూశారా, ఎంత అశుభమో! ఇలాంటివి చూస్తే మనిషికి నిర్ణయం తీసుకోవాలనిపిస్తుంది. కాబట్టి అకౌంటెంట్ పంపిన మెయిల్‌కు స్టార్ గుర్తు పెట్టి వదిలేయండి. 'రౌండ్ క్లోజ్ అవుతోంది' అనే మంత్రం జపించండి. టర్మ్ షీట్ వస్తే డబ్బు వచ్చినట్టే అనుకోండి. మధ్యలో డ్యూ డిలిజెన్స్ అనేది ఒకటుందని, పెట్టుబడి పెట్టి తీరాలన్న బాధ్యత టర్మ్ షీట్‌తో మామూలుగా రాదని లాయరు చెబితే, ఆయనది నెగటివ్ మైండ్‌సెట్ అని తేల్చేయండి.

2. మంచిరోజు వచ్చేదాకా ఆగండి

ఉద్యోగం పోయిందని చెప్పడానికి సరైన సమయం ఉండాలి కదా. సంక్రాంతికి ముందు చెబితే ఊరికి ఏ మొహంతో వెళ్తారు? ఫిబ్రవరిలో ఇన్వెస్టర్ వస్తున్నాడు, ఆఫీసు కళకళలాడాలి. మార్చిలో ఇయర్ ఎండింగ్. ఉగాది పూట చేదు మాట ఎందుకు, పచ్చడిలో వేపపువ్వు చాలదా? మేలో పెళ్లిళ్లు. జూన్‌లో పిల్లల స్కూలు ఫీజులు. ఆషాఢంలో కొత్త పనులు మొదలుపెట్టరు, పాతవాటికి స్వస్తి చెప్పడమూ ఒక కొత్త పనే. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం. వినాయక చవితికి ఆఫీసులో మండపం పెట్టి, లడ్డూ వేలంలో పాడినవాణ్ని ఆ వారమే పంపిస్తే దేవుడు ఊరుకుంటాడా? దసరా, దీపావళి సరేసరి. డిసెంబరులో సగంమంది సెలవులో ఉంటారు. మళ్లీ సంక్రాంతి.

ఈ పద్ధతిలో పన్నెండు నెలలూ జాలితోనే గడిచిపోతాయి. మీరు మనసులో పేరు కొట్టేసిన కుర్రాడు, ఆ సంగతి తెలియక, ఈలోగా కొండాపూర్‌లో ఫ్లాటుకు అడ్వాన్సు ఇస్తాడు. ఇంకో అమ్మాయి బయటి నుంచి వచ్చిన మంచి ఆఫర్‌ను 'ఇక్కడ బాగానే ఉంది' అని వదులుకుంటుంది. అమెరికాలో మీకో చిన్న ఆఫీసు ఉంటే అక్కడ ఈ జాలి మరింత బాగా పనిచేస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులే. నెల ముందు చెబితే వాళ్లకు 90 రోజులు అయ్యేది. చెప్పకండి. దయగలవాళ్లు చివరి నిమిషం దాకా ఎవరి మనసూ నొప్పించరు.

3. 'మనది ఒక కుటుంబం' అనండి

ప్రతి టౌన్‌హాల్‌లోనూ అనండి. ఆఫీసు గోడ మీద రాయించండి. రాత్రి పదింటికి 'అన్నా, ఇంకా ఆఫీసులోనే ఉన్నా' అని మెసేజ్ పెట్టినవాడికి 'నువ్వు మా తమ్ముడివి రా' అని జవాబివ్వండి. మార్కెట్ కంటే పాతికశాతం తక్కువ జీతానికి ఈ ఒక్క మాట చాలు.

2009లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లు తమ పనితీరు గురించి విడుదల చేసిన స్లైడ్లలో, తాము కుటుంబం కాదు, ఒక టీమ్ అని తేల్చి చెప్పారు. ఆటకు సరిపోకపోతే టీమ్‌లో చోటు పోతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే మనిషి తన జాగ్రత్తలో తానుంటాడు, పొదుపు చేసుకుంటాడు, రెజ్యూమె తాజాగా ఉంచుకుంటాడు. అలా ఉంచుకుంటే మీ మీద ప్రేమ ఎక్కడుంటుంది?

కుటుంబం అన్నాక ఇంకో లాభం కూడా ఉంది. తమ్ముణ్ని ఎవరూ నోటీసు ఇచ్చి పంపరు. అందువల్ల పంపాల్సిన రోజున మీకు పనిలోంచి తీసేసిన బాధ కాక, రక్తసంబంధం తెంచుకున్న బాధ వస్తుంది. అంత బాధ ఎవరూ తట్టుకోలేరు కాబట్టి నిర్ణయం మళ్లీ వాయిదా. ఒకే మాటకు రెండు ప్రయోజనాలు.

4. చిన్నవాటితో చేతులు నింపుకోండి

అమెజాన్ వాటాదారులకు 2015 సంవత్సరానికి రాసిన ఉత్తరంలో జెఫ్ బెజోస్ నిర్ణయాలను రెండు రకాలుగా విడదీశారు. తలుపు దాటితే వెనక్కి రాలేనివి ఒక రకం. వాటి దగ్గర నిదానించాలి. నచ్చకపోతే వెనక్కి వచ్చేయగలిగేవి రెండో రకం. వాటిని చకచకా తేల్చేయాలి.

మీరు దీన్ని తిరగేసి వాడండి. లోగోలో నీలం ముదురుగా ఉండాలా, లేతగా ఉండాలా అన్నదానికి మూడు వారాలు, రెండు కమిటీలు, ఒక సర్వే. ప్యాంట్రీలో ఫిల్టర్ కాఫీ మెషిన్ గురించి మీరే స్వయంగా డెమో చూడండి. వెబ్‌సైట్ మీద 'మా గురించి' పేజీని పదకొండోసారి తిరగరాయండి. కంపెనీలో 30 శాతం వాటాను ఎవరికో రాసిచ్చే కాగితం మీద మాత్రం ఎయిర్‌పోర్టుకు వెళ్తూ క్యాబ్‌లో సంతకం పెట్టేయండి. రాత్రి పడుకునేటప్పుడు ఒళ్లంతా నొప్పులుగా ఉంటుంది. పని చేసినందుకే ఆ నొప్పులు అనుకుని నిద్రపోండి.

5. పోసిన చోటే మళ్లీ పోయండి

నడవని ప్రొడక్టును మూసేయాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, దాని మీద ఇప్పటిదాకా ఎంత పెట్టారో తలచుకోండి. మూడేళ్లు. రెండు కోట్లు. నాన్నగారు అమ్మిన అరెకరం. ఇంత పెట్టాక ఆపేస్తే అదంతా పోయినట్టే కదా? అది ఎప్పుడో పోయిందని, ఇక తేల్చాల్సింది రాబోయే రూపాయి సంగతేనని అర్థశాస్త్రం అంటుంది. అర్థశాస్త్రానికి నాన్నగారు ఉండరు.

ఈ చిట్కాకు పరిశోధన మద్దతు కూడా ఉంది. 1976లో బారీ స్టా అనే ఆచార్యుడు బిజినెస్ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశాడు. ఒక ఊహా కంపెనీలో ఏ విభాగానికి డబ్బు పెట్టాలో కొందరి చేతే ఎంపిక చేయించాడు. అది నష్టాల్లో పడిందని చెప్పి, ఇప్పుడెంత పెడతారని అడిగాడు. మొదటి ఎంపిక తాము చేయనివాళ్లకంటే, తామే చేసినవాళ్లు నష్టపోయిన విభాగానికి ఎక్కువ డబ్బు పోశారు. తప్పు తనదైనప్పుడే మనిషి దాన్ని ఎక్కువగా పోషిస్తాడన్నమాట. మీది కూడా అలాంటి గొప్ప మనసే.

చెడ్డ ఉదాహరణ ఒకటి చెబుతాను, పాటించకండి. 1980ల్లో ఇంటెల్‌కు మెమరీ చిప్పులే ప్రాణం, కంపెనీ పుట్టిందే వాటితో. జపాన్ కంపెనీలు ఆ మార్కెట్‌ను లాగేసుకుంటుంటే ఇంటెల్ పెద్దలు దాదాపు ఏడాదిపాటు దిక్కుతోచక తిరిగారు. 1985లో ఒకరోజు ఆండీ గ్రోవ్ తన పై అధికారి గార్డన్ మూర్‌ను అడిగాడు: మనల్ని తీసేసి బోర్డు కొత్త సీఈవోను తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీ వ్యాపారం నుంచి తప్పుకుంటాడని మూర్ తడుముకోకుండా చెప్పాడు. అయితే ఆ పనేదో మనమే చేద్దామన్నాడు గ్రోవ్. చేశారు. వేలమంది ఉద్యోగాలు పోయాయి, మరుసటి ఏడాది నష్టమొచ్చింది, ఆ తర్వాత మైక్రోప్రాసెసర్లతో కంపెనీ ప్రపంచాన్ని ఏలింది. ఈ ప్రశ్న ప్రమాదకరమైనది. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వేసుకోవద్దు. జవాబు వెంటనే వచ్చేస్తుంది.

6. కోఫౌండర్‌తో తప్ప అందరితో మాట్లాడండి

మీ కోఫౌండర్ ఏడాదిగా పని వదిలేశాడు. లేదా పని పెరిగింది, అతను పెరగలేదు. లేదా మీరే పెరగలేదని అతను అనుకుంటున్నాడు. ఏదైనా సరే, అతనితో మాత్రం అనకండి. భార్యతో అనండి. ఆవిడ అతని భార్యతో మాట్లాడటం మానేస్తుంది. హెచ్‌ఆర్‌తో 'ఇది మన మధ్యే' అని చెప్పండి. సాయంత్రానికి ఆఫీసులో రెండు పార్టీలు తయారవుతాయి. ఇన్వెస్టర్‌కు అస్పష్టంగా ఒక సూచన వదలండి. అతన్ని పిలవకుండా మీటింగులు పెట్టండి. అతని పుట్టినరోజుకు మాత్రం పెద్ద కేకు కోయించి, మెడ మీద చెయ్యేసి ఫొటో దిగండి.

మొదట్లోనే కాగితాలు రాసుకోకపోవడం ఈ చిట్కాకు పునాది. 'మన మధ్య అగ్రిమెంట్లేంట్రా' అని చెరి సగం వాటా పంచుకుని, పనిచేసిన కాలాన్ని బట్టి వాటా చేతికొచ్చే వెస్టింగ్ పెట్టుకోకపోతే, రెండో ఏడు వెళ్లిపోయినవాడి చేతిలోనూ సగం కంపెనీ ఉంటుంది. ఆ తర్వాత ఏ ఇన్వెస్టరూ మీ వాటాల పట్టిక (క్యాప్ టేబుల్) చూసి ముందుకు రాడు. స్నేహం మాత్రం పదిలంగా ఉంటుంది, కోర్టు వాయిదాల్లో నెలకోసారి కలుసుకుంటారు కాబట్టి.

1990 చలికాలంలో ఇన్ఫోసిస్‌ను పది లక్షల డాలర్లకు అమ్మేయాలా అన్న ప్రశ్న వచ్చింది. వ్యవస్థాపకుల్లో ఐదుగురు బెంగళూరులోని తమ చిన్న ఆఫీసులో కూర్చుని దాదాపు నాలుగు గంటలు మాట్లాడుకున్నారు. తనకంటే చిన్నవాళ్లందరినీ ముందు మాట్లాడనిచ్చి, నారాయణమూర్తి చివర నోరు విప్పారు. అమ్మాలనుకుంటే మీ వాటాలు నేను కొంటాను అన్నారు. చేతిలో అందుకు డబ్బు లేదు కూడా. చివరికి ఎవరూ అమ్మలేదు. ఈ కథంతా ఆయనే తర్వాత ఒక స్నాతకోత్సవంలో చెప్పారు. నాలుగు గంటలు ఎదురెదురుగా కూర్చోవడమంటే మాటలా! అంతకంటే నాలుగేళ్లు మొహం చాటేయడం తేలిక.

7. జీతాలకు ఎక్కడైనా తెండి

నెలాఖరు దగ్గరపడింది. ఖాతాలో జీతాలకు సరిపడా లేదు. ఇక్కడ మామూలు మనిషి సిబ్బందిని పిలిచి ఉన్నదున్నట్టు చెబుతాడు. మీరు మామూలు మనిషి కాదు. మొదట చిట్టీ పాడండి. తర్వాత క్రెడిట్ కార్డులు. తర్వాత బావమరిది దగ్గర చేబదులు, 'పది రోజుల్లో ఇచ్చేస్తా' అని. తర్వాత ఇంట్లో బంగారం బ్యాంకుకు. ఆ మధ్యాహ్నమే స్లాక్‌లో 'జీతాలు పడ్డాయి, టీమ్!' అని పెట్టి రాకెట్ బొమ్మ అతికించండి. మీ త్యాగం ఎవరికీ తెలియదు కాబట్టి వచ్చే నెల ఎవరూ దాన్ని ఆపమని అడగరు.

ఇంకా చాలకపోతే ఉద్యోగుల జీతంలోంచి కోసిన పీఎఫ్ ఉండనే ఉంది. తర్వాతి నెల 15లోగా కట్టాలంటారు. టీడీఎస్ 7లోగా అంటారు. రెంటినీ వాడేసుకోండి. ఉద్యోగి వాటా కోసి జమచేయకపోతే అది నమ్మకద్రోహం నేరం కిందికి వస్తుందని, టీడీఎస్ కోసి కట్టకపోతే ఆదాయపన్ను చట్టం కింద జైలు దాకా వెళ్లొచ్చని ఆడిటర్ గారు కళ్లద్దాలు తీసి మరీ చెబుతారు. 'రౌండ్ వచ్చాక మొదటి పని అదే సార్' అనండి.

బ్యాంకు వ్యక్తిగత హామీ అడిగితే చదవకుండా సంతకం పెట్టండి. ప్రైవేట్ లిమిటెడ్ అంటే మీ ఇంటికీ కంపెనీకీ మధ్య గోడ ఉన్నట్టు. ఆ సంతకంతో ఆ గోడకు మీరే తలుపు పెట్టినట్టు. కంపెనీ అప్పుకు హామీ ఉన్న వ్యక్తుల మీద కూడా దివాలా స్మృతి కింద చర్య తీసుకునే వీలు 2019 డిసెంబరు నుంచి వచ్చింది. 2021 మేలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇంత చదివితే సంతకం పెట్టబుద్ధి కాదు. అందుకే చదవొద్దన్నది.

8. 'అంతా బ్రహ్మాండంగా ఉంది' అనండి

ఇన్వెస్టర్‌కు నెలవారీ నివేదికలో సంఖ్యలు కొంచెం సర్దండి. అబద్ధం అక్కర్లేదు. వచ్చే నెల రావాల్సిన ఆర్డరును ఈ నెలలో వేస్తే చాలు. వచ్చే నెల దాన్ని పూడ్చడానికి ఆపై నెలది తెచ్చుకోవచ్చు. వాయిదా వేసిన నిజానికి కాబూలీవాలా అప్పులాగా వడ్డీ పెరుగుతుంది నిజమే, కానీ ఈరోజు కట్టనక్కర్లేదు కదా.

దీనికి ప్రపంచానికే తలమానికమైన ఉదాహరణ మన హైదరాబాదుదే. సత్యం కంప్యూటర్స్‌కు 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న వ్యవస్థాపకుడు రామలింగరాజు బోర్డుకు ఉత్తరం రాశారు. బ్యాలెన్స్ షీట్‌లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు. అసలు లాభానికీ చూపిన లాభానికీ మొదట ఉన్నది చిన్న తేడాయేనని, ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందని వివరించారు. పులి మీద స్వారీ చేస్తూ, దానికి ఆహారం కాకుండా దిగడం ఎలాగో తెలియని స్థితి తనదని రాశారు. ఆ ఉదయం ఆఫీసుకు వచ్చిన వేలమంది ఇంజనీర్లకు పులి ఉన్న సంగతే తెలియదు. నెలాఖరుకు జీతం పడుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. ప్రభుత్వం బోర్డును రద్దుచేసి కొత్తవాళ్లను వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని గెలుచుకుంది. అప్పటిదాకా ఎన్ని ఇళ్లలో పెళ్లి మాటలు ఆగిపోయాయో ఆనాడు అమీర్‌పేటలో ఉన్నవాళ్లను అడగండి.

మీ తేడా ఇంకా చిన్నదే. కాబట్టి కొనసాగించండి.

9. ఒంటరిగా మోయండి

నాయకుడు ఒంటరివాడు. ఈ మాట రాసి, కొండ అంచున నిలబడిన మనిషి బొమ్మ పెట్టి, మీ ఫోన్ వాల్‌పేపర్‌గా వేసుకోండి. రాత్రి మూడింటికి మెలకువ వస్తే సీలింగ్ ఫ్యాన్ వంక చూడండి, పక్కన ఉన్న మనిషిని లేపకండి. ఇంటి కాగితాలు తాకట్టులో ఉన్నాయని ఆవిడకు బ్యాంకువాళ్లే చెబుతారు. అమ్మ ఫోన్ చేసి 'ఏరా, గొంతు అలా ఉందేంటి?' అంటే 'ఏసీ పడలేదమ్మా' అనండి. తోటి ఫౌండర్లతో కూర్చున్నప్పుడు 'ఎలా ఉంది?' అంటే 'కిల్లింగ్ ఇట్' అనండి. ఎదుటివాడూ అదే అంటాడు. ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టదు.

కాలిఫోర్నియాలో మైకేల్ ఫ్రీమన్ అనే మానసిక వైద్యుడు, సహచరులు 2015లో 242 మంది వ్యాపార వ్యవస్థాపకులను అడిగి చూస్తే, దాదాపు సగంమంది జీవితంలో ఏదో ఒక దశలో మానసిక సమస్య ఎదుర్కొన్నామని చెప్పారు. అంటే ఒక గదిలో ఇద్దరు ఫౌండర్లు ఉంటే ఒకరికి మీ బాధ తెలిసే అవకాశం ఉంది. జాగ్రత్త, నోరు జారితే అవతలివాడు 'నాకూ అంతే' అనేస్తాడు. బరువు దిగిపోతుంది. దిగిపోతే నిర్ణయం తీసుకోవడానికి మెదడు ఖాళీ అవుతుంది.

డాక్టరు దగ్గరికి మాత్రం అసలు వెళ్లొద్దు. జ్వరానికి వెళ్లొచ్చు, గ్యాస్ ట్రబుల్‌కు వెళ్లొచ్చు. ఇది మనసుకు సంబంధించింది కాబట్టి మీ ఇచ్ఛాశక్తితో అణచేయాలి. ఆ అణచినది తర్వాత సోమవారం ఉదయం టెస్టింగ్ టీమ్ మీద బయటపడుతుంది, అది వాళ్ల సమస్య.

10. చెప్పేరోజు మీరే ఏడవండి

ఎంత వాయిదా వేసినా ఆ రోజు రాక తప్పదు. ఇన్నాళ్ల సాధన పండాల్సింది అప్పుడే. 2021 డిసెంబరు 1న అమెరికాలో బెటర్ డాట్ కామ్ అధిపతి విశాల్ గార్గ్ జూమ్ కాల్ పెట్టి, ఈ కాల్‌లో ఉన్నవాళ్లందరి ఉద్యోగాలూ పోయాయని దాదాపు 900 మందికి ఒక్కసారిగా చెప్పేశాడు. ఇంతకుముందు ఇలాంటి పని చేసినప్పుడు తాను ఏడ్చానని కూడా చెప్పాడు. గమనించండి, 900 మంది ఉన్న గదిలో కన్నీళ్లు ఎవరివి చర్చకు వచ్చాయో. మరుసటి ఏడాది ఆగస్టులో మరో అమెరికన్ చిన్న కంపెనీ అధిపతి, ఉద్యోగులను తీసేసి తాను ఏడుస్తున్న ఫొటోను లింక్డిన్‌లో పెట్టాడు. ప్రపంచం అతని గురించే మాట్లాడుకుంది. పోయినవాళ్ల అద్దె గురించి ఎవరూ అడగలేదు.

ఎయిర్‌బీఎన్‌బీని మాత్రం అనుసరించొద్దు. కరోనాతో ప్రయాణాలు ఆగిపోయి, 2020 మేలో 7,500 మందిలో సుమారు 1,900 మందిని తీసేయాల్సి వచ్చింది. కంపెనీ అధిపతి బ్రయాన్ చెస్కీ ఉత్తరంలో ఎవరు, ఎందుకు అన్నది చెప్పి, అమెరికాలో వాళ్లకు 14 వారాల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ మరో వారం, ఏడాదిపాటు ఆరోగ్యబీమా, వాడుతున్న ల్యాప్‌టాప్ వాళ్లకే అని రాశాడు. ఇంత వివరం రాస్తే మీ బాధకు చోటెక్కడ?

మన దగ్గర ఇంకా సులువైన దారి ఉంది. ఒక్కొక్కరినీ చిన్న గదిలోకి పిలిచి 'నువ్వే రాజీనామా పెట్టు, లేకపోతే టెర్మినేషన్ అని పడుతుంది, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది' అని హెచ్‌ఆర్ చేత చెప్పించండి. మీరు ఆ పూట విమానంలో ఉండండి. ఏడాది దాటి పనిచేసి, కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవాళ్లను తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ నుంచీ ఉంది. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ 1972 నుంచీ ఉంది. తీసేసిన మనిషికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని 2019 వేతనాల కోడ్ అంటుంది. వాళ్లే రాజీనామా ఇచ్చారుగా, మనకెందుకు? రిలీవింగ్ లెటర్ మూడు నెలలు తిప్పించుకుని ఇవ్వండి. ఒకేసారి పదిహేను మందిని కాకుండా నెలకు ముగ్గురు చొప్పున పంపండి. మిగిలినవాళ్లు పని మానేసి ఈ నెల ఎవరన్నది లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. ఆఫీసు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో!

ఏడాది గడిచాక టీ-హబ్‌లో 'వైఫల్యం నేర్పిన పాఠాలు' అనే ప్యానెల్లో కూర్చోండి. 'అది నా జీవితంలో అతి కష్టమైన నిర్ణయం' అని మైకులో చెప్పండి. మీరు ఆ నిర్ణయం తీసుకోలేదని, బ్యాంకు బ్యాలెన్సే తీసుకుందని హాల్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు ఉద్యోగం వెతుక్కునే పనిలో ఉంటారు.

చివరగా, చిట్కా కానిది

వెక్కిరింత ఇక్కడితో ఆపుదాం. కంపెనీ పెట్టినవాడి భారం నాటకం కాదు. నలభై ఇళ్ల పొయ్యి తన సంతకం మీద వెలుగుతోందని తెలిసిన మనిషికి నిద్ర పట్టకపోవడం సహజం, అసలు పట్టేవాడినే అనుమానించాలి. కానీ ఆ భారంలో నిర్ణయానిది కొంతే. మిగతాదంతా దాచడం వల్ల, ఆగడం వల్ల పెరిగింది. ఆ పెరిగినదాని ఖరీదు మీరొక్కరే చెల్లించడం లేదు, ఏమీ తెలియకుండా మీ దగ్గర పనిచేస్తున్నవాళ్లు కూడా చెల్లిస్తున్నారు.

పై పదిలో మూడు మీకు తెలిసినవిగా అనిపిస్తే ఈ రాత్రి షీటు తెరవండి. నోటీసు జీతాలు, పరిహారం, పీఎఫ్, టీడీఎస్ పక్కన పెట్టాక ఎన్ని నెలలు మిగులుతాయో చూడండి. ఆ సంఖ్య ముందు కోఫౌండర్‌కు, ఇంట్లో మనిషికి, ఆడిటర్‌కు చెప్పండి. తగ్గించాల్సి వస్తే ఒక్కసారే తగ్గించండి, ఎదురుగా కూర్చుని మీరే చెప్పండి. నిద్రలేని రాత్రులు వారాలుగా సాగుతుంటే డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పంపేవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చే డబ్బు చేతిలో ఉండగానే వాళ్లకు ఆ మాట చెప్పండి. అది ఈ నెలే అయితే, పంచాంగం చూడకుండా ఈ నెలే చెప్పండి.